ఓటమిని దాచని సేనాని

రెండవ ప్రపంచ సంగ్రామము 1945 లో ముగిసినది. ఆనాటి సేనానులను గూర్చిన గ్రంథములు మాత్రము నేటికిని ముగియలేదు. ఏ పుస్తకశాలకు పోయినను మాంట్‌గొమరీ, పాటన్, రోమెల్, మెకార్థర్ మొదలగువారి ముఖములు అట్టలపై దర్శనమిచ్చును. ఈ గ్రంథములు చదువుటకు సొంపుగా నుండును. అందు సందేహము లేదు. నాయకుడు పటము ముందు నిలిచి వ్రేలితో ఒక చోటు చూపును. మరుసటి ప్రకరణమున ఆ చోటు ఆతని వశమగును. నడుమ బియ్యము మోసినవా రెవరు, జ్వరముతో పడినవా రెందరు, త్రోవ వేసిన కూలీలు ఏ యూరివారు అను ప్రశ్నలు గ్రంథకర్తకు పట్టవు, చదువరికిని పట్టవు. చరిత్రమని చదివి మనము సంతసించునది పలుమారు పురాణముగనే యుండును.

ఈ పురాణమున ఎవరికి ఎంత పాలు దొరకునో చెప్పుట కష్టము. 1944 లో మరణించిన జర్మను సేనాని రోమెల్‌ను గూర్చి డెస్మండ్ యంగ్ అను నాతడు 1950 లోనే ఆంగ్లమున జీవితచరిత్రము వెలువరించెను. ఈ యంగ్ భారతసైన్యమున అధికారిగా నుండి, ఉత్తర ఆఫ్రికాలో రోమెల్ సేనలకే చిక్కి బందీయైనవాడు! మరుసటి యేడే ఆ గ్రంథము చలనచిత్రమయ్యెను. బర్మాలో జపాను సైన్యములను ఓడించిన విలియం స్లిమ్ 1970 లో గతించగా, రోనల్డ్ లెవిన్ వ్రాసిన ఆతని పెద్ద జీవితచరిత్రము 1976 లో గాని రాలేదు. బర్మా యుద్ధమును గూర్చి 1945 లో హాలీవుడ్‌వారొక చిత్రము తీసిరి. అందు అమెరికను సైనికులే బర్మాను గెలిచినట్లు చూపుటచే ఇంగ్లండులో అలజడి పుట్టి, దాని ప్రదర్శనమును కొన్నేండ్లు నిలిపివేయవలసి వచ్చెను. ఆ అలజడి చేసిన ఆంగ్లేయులును ఒక మాట మరచిరి. ఆ యుద్ధమున పోరాడిన పదునాల్గవ సైన్యమున అధికసంఖ్యాకులు ఆంగ్లేయులు గారు, అమెరికనులు గారు, భారతీయులు.

బర్మా మన తెలుగువారికి పరాయిదేశపు కథ కాదు. శ్రీకాకుళము మొదలుకొని గోదావరివరకు గల తీరమున 'రంగము పోవుట' యనగా ఏమో వివరింప నక్కరలేని కాలమొకటి యుండెను. రంగూను రేవులో మూటలెత్తినవారు, వడ్లమిల్లులలో పనిచేసినవారు పెక్కుమంది మనవారే. కోరంగి రేవునుండి ఓడలెక్కిరి గనుక అచ్చట వారికి కోరంగీలని పేరు. 1931 నాటి జనాభా లెక్కలలో రంగూను వాసులలో సగమునకు పైగా భారతీయులు. 1930 మే నెలలో రేవుపనివారి సమ్మె కారణముగా తెలుగు కూలీలకును బర్మీయులకును ఘోరమైన కొట్లాట జరిగెను. ఆ పగలు చల్లారకమునుపే 1941 డిశంబరు 23 న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. 1942 మార్చి 8 న ఆ పట్టణము శత్రువశమయ్యెను. మరుసటి నెల 6 వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు పడినప్పుడు, ఆ యుద్ధము మన యింటి ముంగిటికే వచ్చెను.

స్లిమ్ బర్మాకు వచ్చినది సరిగా ఈ సమయముననే. ఆతడు ధనికుల బిడ్డ కాడు. 1891 లో బ్రిస్టలు పట్టణమున ఇనుపసామానుల వర్తకుని యింట జన్మించి, బర్మింగుహాములో పేదపిల్లల బడిలో కొంతకాలము పాఠములు చెప్పి, పిదప లోహపు గొట్టములు చేయు కంపెనీలో గుమాస్తాగిరి చేసెను. 1914 లో యుద్ధము రాకున్నచో గుమాస్తాగనే ముసలివాడై యుండును. గల్లిపోలిలో గాయపడెను, మెసపొటేమియాలో మరల గాయపడెను. పిదప భారతసైన్యమున జేరి గూర్ఖాదళమున ఉద్యోగించెను. జీతము చాలక, ఆంథొనీ మిల్స్ అను మారుపేరుతో పత్రికలకు కథలు వ్రాసెడివాడు. స్లిమ్ అను అక్షరములను ఆంగ్లమున వెనుకనుండి చదివినచో మిల్స్ అగును. గుమాస్తా లెక్కయు, కథకుని కన్నును ఈతనిని తుదివరకు విడువలేదని నా యభిప్రాయము.

1942 మార్చిలో బర్మాలోని సేనకు ఆతడు నాయకుడగునాటికి ఓటమి నిశ్చయమై యుండెను. రేవు పోయినది, సముద్రము మీదుగా తోడు వచ్చు నాశ లేదు, ఆకాశము శత్రువుది. ఏప్రిలులో యెనాంజాంగ్ చమురుబావులను శత్రువునకు దక్కకుండ తానే ధ్వంసము చేయించెను. పదిలక్షల గాలనుల ముడిచమురు మంటలై లేచెను. చింద్విన్ నది దాటునప్పుడు టాంకులను, ఫిరంగులను గట్టుననే విడువవలసి వచ్చెను. ఆ యేటి మొదటినుండి మే నెలవరకు ఆ సైన్యము వెనుకకు నడచిన దూరము దాదాపు వేయి మైళ్లు. బ్రిటిషు సైన్యచరిత్రమున ఇంత దీర్ఘమైన తిరోగమనము మరియొకటి లేదు. తుదకు వానకాలము తొలిజల్లులలో మణిపురపు కొండలకు చేరినవారు ఎముకలగూళ్లవలె నుండిరి. ఐనను తమ తుపాకులు తమ భుజములనే యుండెను. ఆ వరుసలు తన ముందు నడచిపోవుట స్లిమ్ ప్రక్కన నిలిచి చూచెను.

అక్కడ వారికి జరిగిన సత్కారము విచిత్రము. ఓడివచ్చినవారు గనుక వారిని పలుకరించు నాథుడు లేడు. డేరాలు లేక, కప్పుకొన దుప్పట్లు లేక, కొండచరియలలో వానకు తడియుచు పడియుండిరి. ఇంఫాలులోని సేనాని ఇర్విన్ దొర స్లిమ్‌తో మిక్కిలి పెడసరముగా మాటాడెననియు, ఇట్టి అమర్యాద తానెన్నడు నెరుగనని స్లిమ్ అనగా, 'నేను నీకు పైవాడను. పైవాడు చేయునది అమర్యాద కానేరదు' అను అర్థమిచ్చునట్లు ఇర్విన్ బదులు చెప్పెననియు ప్రసిద్ధి. ఈ కోపమునకు పూర్వకథ కలదు. 1940 లో సూడాను సరిహద్దున గల్లబాతు వద్ద ఇర్విన్ స్వంత రెజిమెంటునకు చెందిన పటాలము బెదరి పరుగెత్తగా, దాని నాయకుని స్లిమ్ తొలగించి యుండెను. దొరలలోను కులాభిమాన ముండును గదా! 1943 లో అరకానున దండయాత్ర విఫలమైనప్పుడు ఆ నింద స్లిమ్‌పై మోపి తొలగింప జూచిన ఇర్విన్, తన యుద్యోగమే పోయినదన్న వార్తను తానే స్లిమ్‌కు తంతి ద్వారా తెలుపవలసి వచ్చెను.

1943 అక్టోబరులో పదునాల్గవ సైన్యము స్లిమ్ చేతికి వచ్చెను. అప్పుడు ఆతని ముఖ్యశత్రువు జపాను కాదు, దోమ. గాయపడి వెనుకకు వచ్చు ప్రతి సైనికునకును రోగముతో వచ్చువారు నూటయిరువదిమంది చొప్పున నుండిరి. నూటికి ఎనుబదినలుగురు చొప్పున ఏడాదికి మలేరియాతో పడుచుండిరి. ఈ లెక్కను స్లిమ్ స్వయముగా వ్రాసెను. ఈ చొప్పున నడచినచో కొన్ని నెలలలో సైన్యమే మిగులదని గుమాస్తాబుద్ధికి వెంటనే తోచెను. రోగులను వారముల తరబడి రైళ్లలో భారతదేశపు నడిబొడ్డునకు పంపుట మాన్పించి, యుద్ధరంగమునకు దాపుననే చికిత్సాశిబిరములు నెలకొల్పించెను. మెపాక్రిన్ బిళ్లలు దినదినము మ్రింగవలెనని శాసించెను. ఆ బిళ్ల మగతనమును చెరచునన్న వదంతి పుట్టి, సైనికులు దానిని నాలుకక్రింద నుంచుకొని ఉమియుచుండిరి. స్లిమ్ సైనికులను శిక్షించుటతో తృప్తిపడలేదు. తెలుపకయే ఒక పటాలమునకు పరీక్షకులను పంపును. నూటికి తొంబదియైదుగురి నెత్తుటిలోనైనను మందు కనబడనిచో ఆ పటాలనాయకుని ఇంటికి పంపును. ముగ్గురిని పంపుటతో సరిపోయెనట. తక్కినవారికి విషయము బోధపడెను. 1945 నాటికి రోగుల సంఖ్య దినమునకు వేయిమందిలో ఒకరికి దిగెను. సినిమా తీయుటకు తగిన ఘట్టము కాదిది. ఐనను బర్మా యుద్ధమున గెలుపు ఇచ్చటనే ప్రారంభమైనది.

రెండవది సామగ్రి. ఆ సైన్యమునకు తిండియు గుండ్లును పోవలసిన రైలుదారి అస్సాములో తేయాకుపెట్టెలు మోయుటకై వేసిన మీటరుగేజి. కొండలలో త్రోవలు వానకు కొట్టుకొనిపోవును. విమానములనుండి మూటలు జారవిడువవలెనన్న పట్టు పారషూట్లు చాలవు. ఐరోపా యుద్ధమునకే అవి చాలుటలేదు. కలకత్తా జనపనార మిల్లులవారిని పిలిపించి గోనెగుడ్డతో పారషూట్లు కుట్టించిరి. వాని వెల పట్టుదాని వెలలో ఇరువదవ వంతు. ముందున్న దళములకు సగము బత్తెము ఇచ్చిన దినమున తన కార్యాలయమున గూడ సగము బత్తెమే ఇయ్యవలెనని స్లిమ్ ఉత్తరువు చేసెను. కడుపు మాడిన గుమాస్తా మూటలు పంపుటలో ఆలస్యము చేయడని ఆతని యూహ. వ్యవసాయము చేయించు మన పాఠకులకు దీని మర్మము వేరుగ చెప్పనక్కరలేదు.

ఎదుటిపక్షమున జపాను పదునైదవ సైన్యమునకు నాయకుడు ముతాగుచి. ఈతడు పుస్తకములకు తగిన వీరుడు. 1944 మార్చిలో ఎనుబదివేలకు పైగా సైన్యముతో చింద్విన్ దాటి, మూడు వారముల తిండి మాత్రము మూటగట్టించి, ఆలోపల ఇంఫాలు కొట్లను పట్టుకొని తినవచ్చునని తలచెను. పశువులను మందలుగా తోలించి, మోసినన్నాళ్లు మోయగా పిమ్మట కోసి తినవచ్చునని చెంగిజ్‌ఖానును తలచికొనెను. ఆ పశువులలో పెక్కులు చింద్విన్ ప్రవాహములోను, కొండచరియలలోను నశించెను. ఇంఫాలు కొట్లు దొరకలేదు. త్రోవలు తెగినను ఇంఫాలులోని లక్షన్నరమందికి విమానములే బియ్యము, పిండి, గుండ్లు చేర్చెను. పోరాడ పనిలేని నలువదివేలకు పైబడినవారిని ఆ విమానములే వెనుకకు తెచ్చెను. అరకానున పోరుచున్న అయిదవ భారత డివిజనును ఫిరంగులతో, కంచరగాడిదలతో సహా ఆకాశమార్గమున ఈ రంగమునకు తరలించిరి. జూలైలో ముతాగుచి సేన మరలునాటికి అందు సగమునకు పైగా నష్టమయ్యెను. వారిలో గుండు తగిలి చచ్చినవారికంటె ఆకలిచేతను, విరేచనములచేతను చచ్చినవారే ఎక్కువ.

ఇంతవరకు చెప్పినది గెలిచినవాని ప్రశంస. స్లిమ్ గ్రంథమును తక్కినవానినుండి వేరుచేయునది మరియొకటి కలదు. 'ఓటమినుండి విజయమునకు' అను అర్థముగల పేరుతో 1956 లో వెలువడిన ఆ గ్రంథమున ఆతడు తన తప్పులను తానే పట్టి చూపును. కోహిమాకు శత్రువు ఒక రెజిమెంటునకు మించి పంపజాలడని తాను తలచితిననియు, నిండు డివిజనే వచ్చి పడినదనియు, పదునేడవ డివిజనును వెనుకకు పిలుచుటలో జాగు జరిగినదనియు, ఆ తప్పులకు సైనికులు వెల చెల్లించిరనియు ఒప్పుకొనెను. గల్లబాతు వద్ద ముందడుగు వేయవలసినప్పుడు భయము చెప్పిన మాట వింటినని వేరొక గ్రంథమున వ్రాసెను. మాంట్‌గొమరీ జ్ఞాపకములు 1958 లో వచ్చినవి. ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుడు! మాంట్‌గొమరీ యుద్ధములన్నియు తానెంచినట్లే జరిగెనట.

ఐతే సత్యవాది వ్రాసినదంతయు సత్యమగునా? కోహిమా మీదికి వచ్చిన జపాను సేనాని సాతోను స్లిమ్ మందబుద్ధియని పరిహసించెను. ఆతడు కోహిమాను విడిచి దిమాపురము మీదికి పోయినచో సామగ్రి కొట్లన్నియు ఆతనివే యగుననియు, అట్టి శత్రువు బ్రతికియుండుటయే మేలని ఆతని శిబిరముపై బాంబులు వేయవలదని విమానాధికారులతో తా నంటిననియు వినోదముగా వ్రాసెను. సాతో దిమాపురమునకు పోకుండుటకు కారణము మందబుద్ధి కాదు, పైవారి ఆజ్ఞ. ముతాగుచి పొమ్మనగా, ఆతని పై యధికారి కవాబె వలదనెను. మే నెల కడపట తిండి లేదు, గుండ్లు లేవు, పంపుమనిన పంపువారు లేరు అని చూచి, ఆజ్ఞ లేకయే సాతో తన సైనికులను వెనుకకు మరలించెను. జపాను సైన్యమున కనివిని యెరుగని సంగతి యిది. ఆతనిని తొలగించిరి, న్యాయస్థానమున నిలిపినచో ఆతడేమి చెప్పునోయని కాబోలు, మతి చెడినదని తేల్చిరి. తన సైనికుల ఆకలిని లెక్కవేసిన సేనాని స్లిమ్‌కు ఎదుటిపక్షముననే యుండెను. స్లిమ్ ఆతనిని గుర్తింపలేదు.

భారతీయులకు ఇంతకంటె దగ్గరగా తగులు విషయములు వేరుగా కలవు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగి, బిహారు, బెంగాలులలో రైలుదారులు తెగినప్పుడు, ఆ ప్రాంతమున శాంతి నిలుపు భారము స్లిమ్ సేనకే అప్పగింపబడెను. ఆ నెల 12 న మన తెనాలి రైలుస్టేషను వద్ద కాల్పులలో ఏడుగురు ప్రాణములు విడిచిరి. స్లిమ్ గ్రంథమున ఆ ఆగస్టు సామగ్రికి కలిగిన యాటంకముగా మాత్రమే కనబడును. ఆజాద్ హింద్ ఫౌజును గూర్చి ఆతనికి చులకనయే. 1944 ఏప్రిలు 14 న మణిపురమున మొయిరాంగు వద్ద ఆ ఫౌజు త్రివర్ణపతాక మెత్తెను. ఆ కొండలలో జపాను సైనికులతోపాటు వారును ఆకలికి మాడిరి. ఎదుట తుపాకి పట్టినవాడు, ఇటు తుపాకి పట్టినవాడు, ఇరువురును పంజాబు పల్లెలవారే కావచ్చును. లొంగిపోవచ్చిన ఫౌజువారిని మన సిపాయీలు, గూర్ఖాలు బ్రతుకనిచ్చుటకు ఇష్టపడకుండుటచే, వారిని కొంత దయతో చేకొనుడని ఉత్తరువులు చేయవలసి వచ్చెనని స్లిమ్ వ్రాసెను. ఆ యొక్క వాక్యమున ఎంత విషాదమున్నదో ఆతనికి తెలిసినట్లు లేదు. ఆ ఫౌజు అధికారులను 1945 నవంబరులో ఎఱ్ఱకోటలో విచారించునాటికి దేశము వారి పక్షమున నిలిచెను.

ఇక బెంగాలు. శత్రువు చేతికి చిక్కునని 1942 లో ఆ తీరప్రాంతమున పదిమందికి మించి ఎక్కదగిన పడవలను ప్రభుత్వమువారు పట్టి తీసికొనిరి. బర్మా బియ్యము రాక ఆగిపోయెను. ధరలు మండెను. 1943 కరవులో గతించినవారు ముప్పదిలక్షలవరకు నుందురని అంచనా. స్లిమ్ పదునాల్గవ సైన్యమును చేపట్టిన అక్టోబరు, కలకత్తా వీథులలో శవములు పడియున్న అక్టోబరే. క్రొత్తగా వచ్చిన వైస్రాయి వేవెల్ ధాన్యము పంచుటకు సైన్యమును నియమించిన మాట నిజము. ఆ పని ముందే చేయదగునని ఎవరికిని తోచకుండెనా? గోనెగుడ్డ పారషూటుతో అడవిలోని సైనికునకు బియ్యము దించనేర్చిన ప్రభుత్వము, పడవలు పోయిన పల్లెకు బియ్యము చేర్పనేరకుండుటను ఏ యుద్ధగ్రంథమును వివరింపలేదు. ఇది స్లిమ్ చేసిన తప్పు కాదు. ఆతని సైన్యపు కథనుండి దీనిని విడదీసి చదువుట మాత్రము మన తప్పగును.

1945 లోని కథ ఎల్లరు నెరిగినదే. దొంగ తంతివార్తలతో శత్రువును మాండలే వైపునకు చూపు మరల్చి, తాను దక్షిణమున ఐరావతి దాటి మార్చి మొదటివారమున మెయిక్టిలాను పట్టెను. మార్చి 20 న మాండలే, మే మొదట రంగూను వశమయ్యెను. అంత గెలుపు గెలిచిన నెలలోనే పై యధికారియగు లీజ్ దొర స్లిమ్‌ను తొలగింప జూచి, తుదకు తానే తొలగెను! స్లిమ్ పిదప బ్రిటిషు సైన్యమునకెల్ల అధిపతియై, 1953 నుండి 1960 వరకు ఆస్ట్రేలియా గవర్నర్ జనరలుగా నుండెను. 2013 లో లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలవారు బ్రిటనుయొక్క అత్యుత్తమ యుద్ధమేది యని ఓట్లు తీయగా, వాటర్లూను, నార్మండీని మించి ఇంఫాలు-కోహిమా యుద్ధమే ఎన్నికయ్యెను.

కోహిమాలో డిప్యూటీ కమిషనరు బంగళా యుండిన గుట్టపై నేడు సమాధులు కలవు. ఆ బంగళా టెన్నిసు మైదానమునకు ఈ గట్టున ఒకరు, ఆ గట్టున ఒకరు నిలిచి చేతిబాంబులు విసరుకొనిన చోటది. 1,420 సమాధులు, వానికి పైన, దహనము చేయబడిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేళ్లు చెక్కిన స్మారకము. రంగూనుకు సమీపమున తౌక్యాన్ వద్ద దేహము దొరకనివారి పేళ్లు దాదాపు ఇరువదియేడు వేలు చెక్కబడియున్నవి.

స్లిమ్ సేన మరలివచ్చిన ఆ తమూ త్రోవనే, ఆ నెలలలోనే, రంగమునుండి మనవారును నడచివచ్చిరి. 1942 లో బర్మా విడిచినవారు నాలుగైదు లక్షలమంది. ఓడలలో చోటు దొరకినవారు కొందరే. తక్కినవారు అరకాను కనుమలలో, మణిపురపు కొండలలో బిడ్డలను చంకనెత్తుకొని నడచిరి. తెల్లవారికొక త్రోవయు నల్లవారికొక త్రోవయు నేర్పరచిరని దేశనాయకులు నాడు నిందించిరి. త్రోవ పొడుగున శిబిరములు వేసి గంజి పోసినవారు అస్సాము తేయాకుతోటల యజమానులు, తోటకూలీలు. కలరాతో, మశూచితో, ఆకలితో త్రోవలో పడినవారిని స్లిమ్ చూచెను. జాలిపడి కొన్ని వాక్యములు వ్రాసెను. ఎందరు పడిరో నేటికిని తేలలేదు. పదివేలని కొందరు, ఏబదివేలకు పైబడునని కొందరు వ్రాసిరి. వారిలో విశాఖపట్టణము, గోదావరి జిల్లాలవా రెందరో ఆ అంచనాలలో వేరుచేసి చూపలేదు.